బుడమేరు వరద సాయం: ఒక వీధికి నాలుగుసార్లు, పక్క వీధికి సున్నా. లెక్క ఎవరు ఎవరికి చెప్పాలి?

పటమట వాసి | 15 సెప్టెంబరు 2024, ఉదయం 9:10

అందరికీ నమస్తే. మా పాలిటెక్నిక్ బ్యాచ్ వాళ్ళం విజయవాడలో బుడమేరు వాగు ముంచిన సింగ్‌నగర్ వైపు వరద బాధితుల కోసం డబ్బులు పోగుచేశాం. మొదటి వారం భోజనం పొట్లాలు, నీళ్ళ బాటిళ్ళు, పాల ప్యాకెట్లు పంచాం. ఇంకా నాలుగు లక్షల పైచిలుకు మిగిలింది. దాంతో గ్రూపులో రోజూ గొడవే. ఒకడు దుప్పట్లు కొందామంటాడు. ఒకడు సీఎం రిలీఫ్ ఫండుకు కట్టేసి చేతులు దులుపుకుందామంటాడు. ఇంకొకడు వాళ్ళ బావగారి ట్రస్టు ఉందంటాడు.

నాకు మాత్రం ఇంకో విషయం మింగుడుపడటం లేదు. మేం వెళ్ళిన ప్రతిసారీ వ్యాను ఫ్లైఓవర్ దగ్గరే ఆగిపోయింది. అక్కడ మా ముందు అరడజను వ్యాన్లు, దాదాపు అన్నిట్లోనూ పులిహోరే. లోపల కండ్రిక వైపు నుంచి నడుము లోతు నీళ్ళలో వచ్చినవాళ్ళు అడిగింది తాగే నీళ్ళు, పిల్లల పాలపొడి. గుళ్ళు, చర్చిలు, మసీదులు, కాలేజీలు, ఫ్యాన్స్ అసోసియేషన్లు, పెద్ద పెద్ద ఎన్జీవోలు, అందరూ వచ్చారు. ఎవరు ఎటు పోతున్నారో ఎవరికీ తెలీదు.

దీనికి పద్ధతంటూ ఏమైనా ఉందా? మిగిలిన డబ్బు ఎలా ఖర్చుపెడితే రేపు ఎవరడిగినా లెక్క చూపించగలం? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. రాజకీయాలు వద్దు ప్లీజ్.

ముక్కుసూటి | 15 సెప్టెంబరు, 9:42

రాజకీయాలు వద్దంటే బుడమేరు గురించి మాట్లాడేదేముంది బ్రదర్? డైవర్షన్ కాలవ కట్టకు మూడుచోట్ల గండ్లు పడితే ఆర్మీ వచ్చి పూడ్చాల్సి వచ్చింది. ఆక్రమణలు ఎవరివో ఊరందరికీ తెలుసు. పన్నులు కట్టేది మనమే, వరదొస్తే చందాలు వేసుకునేదీ మనమే. పైగా ఈ ఎన్జీవోలు. సగం మంది బ్యానర్ కట్టి ఫోటో దిగి వెళ్ళిపోయారు. మీ నాలుగు లక్షలు ఎవరివి వాళ్ళకు తిరిగిచ్చేయండి, హాయిగా ఉంటుంది.

వాంబే కాలనీ | 15 సెప్టెంబరు, 11:05

నేను ఆ నీళ్ళలో ఉన్నదాన్ని కాబట్టి రాస్తున్నాను. మాది కింది పోర్షన్. పై ఇంటివాళ్ళు మెట్లమీద చోటిచ్చారు, అందరం అక్కడే ఉన్నాం.

మొదటి రెండు రోజులు మా వైపు ఎవరూ రాలేదు. తర్వాత డ్రోన్లు వచ్చాయి, పొట్లం ఎవరి డాబా మీద పడితే వాళ్ళది. పడవలొచ్చాయి, కొందరు ఎక్కించుకోవడానికి డబ్బులడిగారు. నీళ్ళు కాస్త తీసిన తర్వాత చూడాలి జనం! ఒక్క పూటలో మా వీధి మొదట్లో మూడు సంస్థల భోజనాలు. వీధి చివరికి వచ్చేసరికి అన్నీ అయిపోయేవి. మిగిలిన సాంబారన్నం సాయంత్రానికి పులిసి అక్కడే బురదలో పారబోశారు.

నేను మర్చిపోలేనిది ఒకటుంది. ఒక సంస్థవాళ్ళు (పేరు వద్దులెండి) ఒక బకెట్, రెండు సబ్బులు, ఒక చాప ఇవ్వడానికి ఆధార్ జిరాక్స్ అడిగారు. ఆధార్ కార్డులే నీళ్ళలో పోయాయండీ. జిరాక్స్ షాపూ మునిగింది. ఫోన్లో ఉంటే చూపించమన్నారు, ఫోను చచ్చి నాలుగు రోజులైంది. మా పక్కింటి మామ్మగారు కార్డు లేదని లైన్లోంచి వెనక్కి వచ్చేసింది. ఆ పక్కనే ఇంకొకళ్ళు ఏమీ అడక్కుండా వ్యాను మీంచి దుప్పట్లు విసిరేస్తున్నారు. బలమున్నవాడికి మూడు దొరికాయి.

సాయం చేసినవాళ్ళను తిట్టడం లేదు. మీరంతా రాకపోతే మా పిల్లలకు పాలు లేవు. కానీ మమ్మల్ని ఒక్కరైనా “మీకేం కావాలమ్మా” అని అడగలేదు.

పటమట వాసి | 15 సెప్టెంబరు, 11:20

అమ్మా, ఇప్పుడు అడుగుతున్నాను. మీ వీధిలో ఇవాళ ఏం కావాలి?

వాంబే కాలనీ | 15 సెప్టెంబరు, 11:48

భోజనం వద్దు. ప్రభుత్వం 25 కిలోల బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఇచ్చింది. వండుకోవడానికి పొయ్యి లేదు. బర్నర్లలో బురద పట్టింది, మెకానిక్ దొరకడం లేదు, దొరికినా చెప్పే రేటు వింటే గుండె ఆగుతుంది. మా లైన్లో ఎనిమిది కుట్టు మిషన్లు మునిగాయి. అవే వాళ్ళ బతుకుతెరువు. ఆటోలు సరేసరి. పరుపులు అన్నీ పారేశాం. పిల్లల పుస్తకాలు. చీపుళ్ళు, బ్లీచింగ్ ఇంకా కావాలి, ఫైరింజన్లు మెయిన్ రోడ్డు ఇళ్ళు బాగానే కడిగాయి, సందుల్లోకి పట్టవు కదా. పాత బట్టలు మాత్రం దయచేసి తేవద్దు. మూటలు మూటలు ఉన్నాయి.

రిటైర్డ్ డీటీ | 15 సెప్టెంబరు, సాయంత్రం 6:30

రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారు (డీటీ)గా చేసి రిటైరైనవాణ్ణి. 1977 నవంబరు 19 ఉప్పెనప్పుడు అవనిగడ్డలో చదువుకుంటున్నాను. పదివేల మందికి పైగా పోయిన రాత్రి అది. ఆ తర్వాత దివిసీమకు దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టారు, మదర్ థెరిసా వచ్చారు. ఆ ప్రాంత నాయకుడు మండలి వెంకటకృష్ణారావు గారు ఊరూరా తిరుగుతూనే ఉన్నారు.

అప్పుడు ఊళ్ళను సంస్థలకు దత్తత ఇచ్చారు. ఒక ఊరు ఒక సంస్థది. ఇళ్ళు కట్టాలన్నా, స్కూలన్నా వాళ్ళదే పూచీ. దాంతో ఒకరి మీద ఒకరు పడి పంచడం తగ్గింది. చెడ్డపక్కా ఉంది. కాస్త దమ్మున్న సంస్థ దొరికిన ఊరు బాగుపడింది, నీరసమైన సంస్థ దొరికిన ఊరు ఎదురుచూస్తూ కూర్చుంది. పైగా కారు ఆగే ఊరు కావాలని అడిగేవాళ్ళే అందరూ. హంసలదీవి అవతలికి పొమ్మంటే “చూద్దాం సార్” అనేవారు.

సర్వీసులో ఉండగా 1990 మే తుఫాను నుంచి చాలా చూశాను. ఇప్పుడు విషయానికొస్తాను. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా అథారిటీకి చైర్మన్ కలెక్టరు. స్వచ్ఛంద సంస్థలను కలుపుకుపోవడం ఆ అథారిటీ పనుల్లో రాసే ఉంది. ఆచరణలో ఏమవుతుందంటే, కంట్రోల్ రూముకు “మాకు కావాలి” అన్న ఫోన్లన్నీ రిజిస్టరులో ఎక్కుతాయి. “మేం ఇస్తాం” అన్న ఫోను వస్తే “సరేనండీ, ఫలానా చోటికి వెళ్ళండి” అని నోటిమాటగా చెప్పేస్తారు. ఆ రెండో రిజిస్టరు ఉండదు. ఎవరు, ఏం, ఎంత, ఏ వీధికి, ఏ పూట. ఈ ఐదు గళ్ళు రాసి గోడకు ఒక మ్యాపు తగిలిస్తే చాలు. ఒక డిప్యూటీ తహసీల్దారు, ఇద్దరు జూనియర్ అసిస్టెంట్లు చేయగల పని. దీనికి యాప్ అక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిందని గంట గంటకూ చెప్పగలిగినవాళ్ళం, ఏ సందులోకి ఎన్ని పొట్లాలు వెళ్ళాయో చెప్పలేకపోయాం.

ముక్కుసూటి గారూ, మీ కోపం న్యాయమైనదే. కానీ మొదటి మూడు రోజులు ఏ ప్రభుత్వమూ ఒక్కటే చేయలేదు. అది 1977లో చూశాను, ఇప్పుడూ చూస్తున్నాను.

నెల్లూరు ఫీల్డువర్కర్ | 15 సెప్టెంబరు, రాత్రి 10:15

డీటీ గారు చెప్పిన రెండో రిజిస్టరును నేను కళ్ళారా చూశాను. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నాగపట్నంలో.

తమిళనాడులో అన్నిటికంటే ఎక్కువ చనిపోయింది ఆ జిల్లాలోనే, ఆరువేలకు పైగా. వారం తిరిగేసరికి వందల సంస్థలు దిగాయి. రోడ్ల పక్కన పాత బట్టల గుట్టలు. వాటిని ఎత్తిపోయడం మున్సిపాలిటీవాళ్ళకు ఇంకో పని. అప్పుడు స్థానికంగా పనిచేసే స్నేహ అనే సంస్థ, మత్స్యకార సహకార సంఘాల సమాఖ్య కలిసి, కలెక్టరు ఒప్పుకోలుతో ఒక సమన్వయ కేంద్రం పెట్టాయి. అందరూ ఎన్‌సీఆర్‌సీ అనేవాళ్ళం.

వాళ్ళు చేసింది చూడ్డానికి చాలా చప్పగా ఉంటుంది. ఊళ్ళవారీగా కావలసినవి రాసుకోవడం, వచ్చిన సంస్థను కూర్చోబెట్టి “నీ దగ్గరేముంది, ఎన్నాళ్ళుంటావు” అని అడగడం, ఖాళీ ఉన్న ఊరికి పంపడం. మీటింగులు పెట్టి ఇళ్ళు, మరుగుదొడ్లు, జీవనోపాధి, పిల్లలు అంటూ విడివిడిగా మాట్లాడుకోవడం. ఊళ్ళలో సమాచార కేంద్రాలు పెట్టి ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఏముందో జనానికి చెప్పడం. రేషను లారీ ఎక్కడం కంటే ఈ పని ఎక్కువ అలసట, ఫోటో కూడా రాదు. అందుకే ఎవరూ దీనికి డబ్బివ్వరు.

అంత చేసినా తప్పిపోయినవి తప్పిపోయాయి. దాతలందరికీ సునామీ అంటే జాలరి, జాలరి అంటే పడవ. ఫైబర్ పడవలు ఇచ్చేశారు, ఇచ్చేశారు, కొన్నిచోట్ల సునామీకి ముందున్నవాటికంటే ఎక్కువ తేలాయి. అదే తీరంలో పొలం కూలీలు, ఉప్పు మళ్ళలో పనిచేసేవాళ్ళు, చాలామంది దళితులు, వాళ్ళ పొలాల్లోకి ఉప్పునీళ్ళొచ్చి పని పోయింది. వాళ్ళకు పోయిన వస్తువంటూ చూపించడానికేమీ లేదు కాబట్టి జాబితాలో చివర ఉన్నారు. వాంబే కాలనీ గారూ, మీ వీధిలో అద్దెకున్నవాళ్ళ సంగతి ఏమిటి? అడగడానికి కారణం అదే.

వాంబే కాలనీ | 16 సెప్టెంబరు, ఉదయం 7:55

బాగా అడిగారు. నష్టం లెక్క రాసుకోవడానికి (ఎన్యూమరేషన్) ప్రభుత్వంవాళ్ళు వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటే రాసుకోలేదు. అద్దెవాళ్ళు సగం మంది అప్పటికే ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఇంటి ఓనరు వేరేచోట ఉంటాడు, ఆయన పేరు చెబుతాడు. సామాను పోయింది అద్దెవాళ్ళది. వార్డు సచివాలయం దగ్గర జాబితా అంటిస్తారట, చూడాలి.

ముక్కుసూటి | 16 సెప్టెంబరు, 8:30

ఫీల్డువర్కర్ గారు, నాగపట్నం కథ బాగుంది. నా ప్రశ్న సూటిగా అడుగుతా. ఆ వందల సంస్థల్లో ఎన్ని తమ ఖాతా పుస్తకాలు జనం ముందు పెట్టాయి? వచ్చిన డబ్బు ఎంత, జీతాలకు ఎంత, కార్లకు ఎంత?

ఆడిటర్ గుంటూరు | 16 సెప్టెంబరు, 1:10

నేను చార్టర్డ్ అకౌంటెంటును. కొన్ని ట్రస్టుల ఆడిట్ నా చేతిమీదుగా వెళ్తుంది కాబట్టి రెండు వైపులా చెబుతాను.

పటమట గారికి ముందు. మీ బ్యాచ్ గ్రూపు రిజిస్టరైన సంస్థ కాదు. డబ్బు ఎవరో ఒకరి సొంత సేవింగ్స్ ఖాతాలో ఉండి ఉంటుంది. అది వెంటనే సర్దుకోండి. ఇద్దరి పేరుతో విడి ఖాతా తెరిచి అందులోకి మార్చండి, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదలాలి. ఎవరెంత ఇచ్చారో, దేనికి ఎంత పోయిందో ఒక షీటు. చెల్లింపులు వీలైనంతవరకు బ్యాంకు ద్వారానే. మీ సభ్యులకు 80జీ (విరాళాల మీద ఆదాయపు పన్ను) మినహాయింపు రాదు, ముందే చెప్పేయండి. మినహాయింపు కావాలన్నవాళ్ళు సీఎం సహాయ నిధికో, 80జీ ఉన్న సంస్థకో ఇచ్చుకోవాలి. సంస్థకైతే విరాళం సర్టిఫికెట్ (ఫారం 10బీఈ) అడిగి తీసుకోవాలి, రెండు వేలు దాటితే నగదు చెల్లదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు ఇవేవీ వర్తించవు.

ఇక ముక్కుసూటి గారికి. “మా దగ్గర అడ్మిన్ ఖర్చు సున్నా, ప్రతి రూపాయీ బాధితుడికే” అని బోర్డు పెట్టే సంస్థను నేను ఎక్కువ అనుమానిస్తాను. లారీ అద్దె ఎవరిచ్చారు? గోడౌనులో సరుకు లెక్క రాసినవాడు ఎవరు? వాడికి జీతం లేకపోతే సరుకులో తేడా వస్తుంది. అడగాల్సింది అడ్మిన్ శాతం కాదు. స్టాకు రిజిస్టరు అడగండి. ఎన్ని బకెట్లు కొన్నారు, ఎన్ని పంచారు, మిగిలినవి ఎక్కడున్నాయి. చాలా సంస్థల్లో డబ్బు లెక్క పైసతో సహా ఉంటుంది, సరుకు లెక్కే గాలిలో ఉంటుంది. సరుకు రూపంలో వచ్చిన విరాళాలు మరీను. దుప్పట్లు ఎన్నొచ్చాయో దేవుడికే ఎరుక.

న్యూజెర్సీ తెలుగు | 16 సెప్టెంబరు, రాత్రి 8:40

ఇక్కడ మేమూ చందాలు వేశాం. అందుకే ఆసక్తిగా చదువుతున్నా. పెద్ద పేరుంటే లెక్క బాగుంటుందని అనుకోకండి. 2010 జనవరి 12న హైతీ భూకంపం వచ్చినప్పుడు మా ఆఫీసంతా అమెరికన్ రెడ్‌క్రాస్‌కే ఇచ్చింది. వాళ్ళకు దాదాపు 50 కోట్ల డాలర్లు వచ్చాయి. 2015లో ప్రోపబ్లికా, ఎన్‌పీఆర్ అనే ఇక్కడి వార్తా సంస్థలు కలిసి తవ్వితే, కట్టిన పక్కా ఇళ్ళు ఆరు అని తేలింది. లక్షా ముప్ఫై వేల మందికి ఇళ్ళు ఇచ్చామని సంస్థ చెప్పుకుంది. తాత్కాలిక షెడ్లు, మరమ్మతులు, అద్దె సాయం అన్నీ అందులో కలిపారు. డబ్బు ఇంకో సంస్థకు చేతులు మారిన ప్రతిచోటా కొంత కోత కూడా పడింది.

ఇంకొకటి చదివి ఆశ్చర్యపోయాను. అక్కడ సమన్వయం లేదనడానికి లేదు, ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఒక్కో రంగానికి ఒక్కో క్లస్టర్ మీటింగు జరిగేది. ఎయిర్‌పోర్టు పక్కన వాళ్ళ కాంపౌండులో, చాలామటుకు ఇంగ్లీషులో. హైతీవాళ్ళు మాట్లాడేది క్రియోల్. స్థానిక సంస్థలకు గేటు దాటడమే కష్టమైంది.

ఆడిటర్ గారూ, ఒక సందేహం. మేం ఇక్కడి నుంచి నేరుగా సింగ్‌నగర్‌లో పనిచేసే చిన్న సంస్థకు పంపొచ్చా?

ఆడిటర్ గుంటూరు | 17 సెప్టెంబరు, ఉదయం 9:20

మీ చేతిలో ఇండియన్ పాస్‌పోర్టు ఉండి, మామూలు బ్యాంకు మార్గంలో సొంత డబ్బు పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే వస్తుంది. అప్పుడు తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీ స్టేట్‌బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని వాళ్ళ ఖాతాలో పడాలి.

అసలు చిక్కు తర్వాత ఉంది. 2020 సవరణ తర్వాత ఒక ఎఫ్‌సీఆర్‌ఏ సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. అంతకుముందు పెద్ద సంస్థ డబ్బు తెచ్చి, సందు సందూ తెలిసిన చిన్న సంస్థకు ఇచ్చేది. ఇప్పుడు డబ్బున్నవాడికి దారి తెలీదు, దారి తెలిసినవాడికి డబ్బు రాదు. దుర్వినియోగం ఆపడానికే అన్నారు, కొంత ఆగిందేమో కూడా. విపత్తు వేళ మాత్రం ఇది చేయి విరిచినట్టే ఉంది. అడ్మిన్ ఖర్చు పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి దించారు.

ఇదిలా ఉండగా కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టాల్సిన ఖర్చు) లెక్క ఇంకోటి. సీఎం సహాయ నిధికి ఇస్తే సీఎస్ఆర్ కింద లెక్కకు రాదు. కాబట్టి కంపెనీలు సొంతంగా కిట్లు చేసి పంచుతాయి. మీరు ఫ్లైఓవర్ మీద చూసిన వ్యాన్లలో కొన్ని అందుకే వచ్చాయి.

మున్నేరు ఒడ్డు | 17 సెప్టెంబరు, మధ్యాహ్నం 12:15

ఖమ్మం నుంచి. మీరంతా విజయవాడ గురించే మాట్లాడుతున్నారు. సెప్టెంబరు 1న మున్నేరు మా బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్ మొత్తం ముంచింది. పోయిన ఏడాది జులైలో కూడా వచ్చింది. హైదరాబాద్ నుంచి బయలుదేరిన సాయం లారీలన్నీ విజయవాడ దిక్కే పోయినయి. ఐతవరం దగ్గర హైవే మీద నీళ్ళుంటే ఆగి మరీ పోయినయి తప్ప మా వైపు తిరగలే. టీవీలో ఏ ఊరు కనబడితే ఆ ఊరికే సాయం. దీన్ని ఏ కలెక్టరు సమన్వయం చేస్తడు?

నెల్లూరు ఫీల్డువర్కర్ | 17 సెప్టెంబరు, 3:50

అన్నా, మీరన్నది ప్రపంచమంతా ఉన్న జబ్బే. సునామీ సాయం మీద అంతర్జాతీయ సంస్థలే కలిసి చేయించిన సమీక్ష ఒకటి 2006లో వచ్చింది. బాధితుడు ఒక్కొక్కరికి సునామీకి సగటున 7,100 డాలర్లు పోగైతే, అదే 2004లో బంగ్లాదేశ్ వరదలకు మనిషికి మూడు డాలర్లు. సునామీ క్రిస్మస్ మర్నాడు వచ్చింది, టీవీలో వీడియోలున్నాయి. బంగ్లాదేశ్ నీళ్ళు ఏటా వచ్చేవే కదా అనుకున్నారు.

ఆ గోలలో ఒక సంస్థ చేసిన పని నాకు ఇప్పటికీ నచ్చుతుంది. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్‌వాళ్ళు వారం రోజులకే “సునామీకి మా దగ్గర చాలినంత ఉంది, ఇక ఈ పేరున పంపకండి” అని ప్రకటించారు. మిగతా సంస్థలు వాళ్ళ మీద మండిపడ్డాయి. మొన్న భోజనాలు చాలు, ఇక వద్దు అని ఒక్కరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

అడ్మిన్ | 17 సెప్టెంబరు, సాయంత్రం 5:00

ఒక సభ్యుడు ఒక ట్రస్టు పేరు, దాని కార్యదర్శి ఫోటో పెట్టి “దొంగలు” అని రాశారు. తీసేశాం. ఆధారం ఉంటే సంబంధిత అధికారులకు ఫిర్యాదు చేయండి. బాధితుల మొహాలు కనబడే ఫోటోలు కూడా పెట్టొద్దు.

ముక్కుసూటి | 17 సెప్టెంబరు, 5:25

అది నేను కాదు, ముందే చెబుతున్నా. అయినా అడ్మిన్ గారూ, పేరు చెప్పకూడదు, ఫోటో పెట్టకూడదు, ఇక జవాబుదారీ ఎక్కడినుంచి వస్తుంది?

రిటైర్డ్ డీటీ | 17 సెప్టెంబరు, రాత్రి 9:00

ఇవాళ సీఎం ప్రకటించారు కదా, మునిగిన గ్రౌండ్ ఫ్లోర్‌కు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు. ఇక చూడండి, మొన్నటిదాకా ఎవరికీ పట్టని జాబితా కోసం తోపులాట మొదలవుతుంది. అందుకే సచివాలయం గోడకు అంటించడం మంచి పద్ధతి. ఎవరి పేరుందో, ఎవరిది లేదో వీధివాళ్ళే చెబుతారు. దొంగ పేరు ఆఫీసరుకు దొరకదు, పక్కింటావిడకు దొరుకుతుంది.

ముక్కుసూటి గారు అడిగినదానికి నా సమాధానం అదే. సంస్థలకు కూడా ఈ పద్ధతి పెట్టాలి. ఫలానా తేదీన ఫలానా వీధిలో ఇన్ని ఇళ్ళకు ఇది ఇచ్చాం అని ఒక కాగితం ఆ వీధి మొదట్లో అంటించాలి. ఏ వెబ్‌సైటులోనో పెడితే లాభం లేదు.

నెల్లూరు ఫీల్డువర్కర్ | 18 సెప్టెంబరు, ఉదయం 6:40

డీటీ గారు చెప్పింది మన రాష్ట్రానికి కొత్తేం కాదు. ఉపాధి హామీలో సోషల్ ఆడిట్ ఇక్కడ బాగా నడిచింది, దానికోసం 2009లో విడిగా సొసైటీ పెట్టారు. ఊళ్ళో మస్టర్ రోలు (పనికి వచ్చినవాళ్ళ హాజరు పట్టీ) చదువుతారు, “ఫలానావాడు పదిరోజులు పనిచేసి ఇంత తీసుకున్నాడు” అంటారు. “నేనా? నేనా రోజుల్లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను” అని ఒకాయన లేస్తాడు. తర్వాత మండలం స్థాయిలో ప్రజావేదిక అనే బహిరంగ విచారణ. తిన్న డబ్బు తిరిగి వసూలైందా లేదా అలా ఉంచండి, ఆ లేచి నిలబడటం ఉంది చూడండి, అది చాలు.

సంస్థలన్నీ దాతకు రిపోర్టు పంపుతాయి. ఇంగ్లీషులో, రంగుల ఫోటోలతో, ఇన్ని కిట్లు, ఇన్ని కుటుంబాలు. నేనే ఎన్నో రాశాను. తీసుకున్న మనిషికి ఆ రిపోర్టులో ఏముందో ఎప్పటికీ తెలీదు. “మీ పేరున నాలుగు వేల రూపాయల కిట్ ఇచ్చినట్టు రాశారమ్మా” అని ఒకసారి వీధిలో చదివి వినిపిస్తే, “బకెట్, చాప, సబ్బులు నాలుగు వేలా?” అని అక్కడే తేలిపోతుంది.

కిట్ ఇచ్చే ముందు ఆధార్ అడగడం కూడా దాతకు రుజువు కోసమే. దానికి బదులు వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు, డ్వాక్రా సంఘంలోవాళ్ళయితే మరీ మంచిది, ఇంటి నంబర్లతో జాబితా రాసి ముందు రోజు టోకెన్లు ఇచ్చేస్తే సరిపోతుంది. తోపులాట ఉండదు, ముసలివాళ్ళు లైన్లో నిలబడక్కర్లేదు.

వాంబే కాలనీ | 18 సెప్టెంబరు, 8:10

టోకెన్ పద్ధతి ఒక చర్చివాళ్ళు మా దగ్గర చేశారు. ముందు రోజు సాయంత్రం తిరిగి రాసుకున్నారు. ఒక్కరు కూడా అరవలేదు.

ముక్కుసూటి | 18 సెప్టెంబరు, 8:45

సరే, వీధిలో చదవడం వరకు ఒప్పుకుంటున్నా. కానీ ఆ ఇద్దరు ఆడవాళ్ళు తమ చుట్టాల పేర్లే రాస్తే? వార్డు లీడరు వచ్చి తన లిస్టు పెట్టమంటే?

నెల్లూరు ఫీల్డువర్కర్ | 18 సెప్టెంబరు, 9:05

రాస్తారు. వస్తాడు కూడా. అందుకే పంచే ముందు రోజే గోడకు అంటించాలి. పంచిన తర్వాత అంటిస్తే గొడవే మిగులుతుంది. లీడరును పక్కన పెట్టలేం. రమ్మని, జాబితా చదివేటప్పుడు అందరి ముందూ నిలబడమనండి. చాలాసార్లు ఆయనే తగ్గుతాడు. అన్నిసార్లూ కాదు.

పటమట వాసి | 20 సెప్టెంబరు, రాత్రి 9:30

నిన్న బ్యాచ్ మీటింగు జరిగింది. ఇద్దరు అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయారు, బావగారి ట్రస్టు వాడు అందులో ఒకడు. మిగతావాళ్ళం తేల్చుకున్నది: దుప్పట్లు లేవు. కుట్టు మిషన్ల రిపేరు, గ్యాస్ పొయ్యిల రిపేరు. మా బ్యాచ్‌లో మెకానికల్ వాళ్ళే పది మందిమి ఉన్నాం. ఆటోనగర్‌లో తెలిసిన షాపులున్నాయి, స్పేర్ పార్టులు హోల్‌సేల్ రేటుకు ఇస్తామన్నారు. బాగుచేయడానికి వీల్లేని మిషన్లకు పాతవి కొనిస్తాం. ఇద్దరి పేరుతో ఖాతా తెరిచాం, ఆడిటర్ గారికి థాంక్స్. జాబితా ముందు రోజు గోడకు అంటిస్తాం, పని అయ్యాక బిల్లులు పక్కనే.

ఇంకో సంస్థ కూడా కుట్టు మిషన్లే ఇస్తోందని విన్నాం. వాళ్ళను పట్టుకుని మాట్లాడాం. వాళ్ళు రాజరాజేశ్వరిపేట చూసుకుంటారు, మేం వాంబే కాలనీ. కాగితం మీద రాసుకున్నాం. పాయకాపురం వైపు ఇంకా ఎవరూ లేరు.

ఆడిటర్ గుంటూరు | 20 సెప్టెంబరు, 9:50

బాగుంది. పాత మిషన్లు కొన్నప్పుడు బిల్లు ఉండదు. అమ్మినవాళ్ళ చేత ఓచరు మీద సంతకం, మిషన్ నంబరు తప్పకుండా రాయించండి.

మున్నేరు ఒడ్డు | 20 సెప్టెంబరు, 10:20

ఆ పది మంది మెకానిక్కులల్ల ఇద్దరిని ఒక ఆదివారం మా దిక్కు పంపుతరా? ఛార్జీలు, భోజనం మేమే చూసుకుంటం. మిషన్ల లిస్టు మా వాడకట్టు పిల్లలు రాసి పెట్టిన్రు.

పటమట వాసి | 20 సెప్టెంబరు, 10:34

అడుగుతాను అన్నా. ఒకడిది మధిరే, వాడు వస్తాడు. లిస్టు నాకు పంపండి, ఏ కంపెనీ మిషనో కూడా రాయించండి.

వాంబే కాలనీ గారూ, అద్దె ఇళ్ళవాళ్ళ పేర్లు సచివాలయం జాబితాలో తక్కువగా ఉన్నాయి. మీ దగ్గర ఏమైనా రాసిపెట్టుకున్నారా?

వాంబే కాలనీ | 20 సెప్టెంబరు, 10:51

మా లైనుది నోట్‌బుక్‌లో రాశాను, ఊరికి వెళ్ళినవాళ్ళ ఫోన్ నంబర్లతో సహా. వెనక లైనుది మిషన్ కుట్టే ఒకావిడ దగ్గర ఉంది, కానీ ఆవిడ కాస్త గట్టిది, ఎందుకు, ఎవరికి అని పది ప్రశ్నలు వేసిగానీ ఇవ్వదు. నంబరు ఇక్కడ పెట్టను. మెసేజ్ చేయండి.